పశ్చిమ నెల్లూరు మెట్టలో హెచ్‌.టి. ఫ్యూజు: అకాల వైఫల్యం, రక్షణ చరిత్ర

పంపిణీ ట్రాన్స్‌ఫార్మరుకు 11 కె.వి. వైపున, స్తంభాల మీద బిగించే రక్షణ తీగ హెచ్‌.టి. ఫ్యూజు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి మీదుగా వెలిగొండల పాదం దాకా ఉన్న మెట్టలో ఎక్కువగా కనిపించేది దీని హెచ్‌.జి. రకం. పింగాణీ ఇన్సులేటర్ల మీద రెండు కొమ్ములు నిలబెట్టి, వాటి మధ్య తగరం పూసిన సన్నటి రాగితీగ కడతారు. ట్రాన్స్‌ఫార్మరులో లోపం వస్తే ఆ తీగ కరుగుతుంది. అప్పుడు పుట్టిన నిప్పుచాపం వేడిగాలితో కొమ్ముల వెంట పైకి పాకి, సాగి, తెగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరులో ఏ లోపమూ లేకుండానే తీగ కరిగినా, తెగినా దాన్ని అకాల వైఫల్యం అంటారు. పోయేది కొద్దిపాటి రాగితీగే. కానీ ఫేజుకు ఒకటి చొప్పున ఉండే మూడింటిలో ఒక్కటి పోయినా ఆ ట్రాన్స్‌ఫార్మరు కింది మోటార్లన్నీ ప్రమాదంలో పడతాయి. బోరు తప్ప మరో ఆధారం లేని చేలలో ఆ నష్టం చిన్నది కాదు.

తొలినాళ్లు

ఫ్యూజు ఆలోచన పుట్టిందే పిడుగు నుంచి. టెలిగ్రాఫ్ కేంద్రాల్లోని పరికరాలను మెరుపు దెబ్బ నుంచి కాపాడటానికి లైనులో సన్నటి తీగ ముక్క పెట్టమని ఫ్రాన్సుకు చెందిన బ్రెగే 1847లో సూచించాడు. విద్యుద్దీపాల కోసం ఎడిసన్ 1880లో రక్షణ తీగకు పేటెంటు పొందాడు. తీగ మందానికీ అది కరిగే కరెంటుకూ ఉన్న లెక్కను బ్రిటిష్ తపాలా శాఖ ఇంజనీరు ప్రీస్ ఆ దశాబ్దంలోనే తేల్చాడు. ఆ లెక్క ప్రకారం వ్యాసం రెట్టింపయితే కరిగే కరెంటు రెట్టింపు కాదు, దాదాపు 2.8 రెట్లవుతుంది. 35 గేజి రాగితీగ సుమారు 8 ఆంపియర్ల దగ్గర, 25 గేజి తీగ సుమారు 30 ఆంపియర్ల దగ్గర కరుగుతాయని నేటికీ పట్టికల్లో కనిపించే అంకెలు ఈ సూత్రానికి సరిగ్గా సరిపోతాయి. ఒక తీగకు మరో పోగు మెలిపెడితే బలం రెట్టింపు అవుతుందన్న నమ్మకం కూడా ఈ లెక్క ముందు నిలవదు. పెనవేసిన రెండు పోగులు మోసేది రెట్టింపుకు తక్కువే.

తీగను గొట్టంలో పెట్టి చుట్టూ పొడి నింపే పద్ధతికి మోర్డీ 1890లో పేటెంటు తీసుకున్నాడు. అధిక వోల్టేజికి పనికొచ్చే ద్రవ ఫ్యూజును 1909లో షికాగోలో ష్వైట్జర్, కాన్రాడ్ రూపొందించారు. రాగి మీద తగరం చుక్క వేస్తే వట్టి రాగి కరిగే వేడికన్నా తక్కువ వేడికే తీగ కరుగుతుందని మెట్కాఫ్ 1939లో వివరించాడు. అమెరికాలో 1950ల తొలినాళ్లలో పంపిణీ ఫ్యూజులను వేగంగా కరిగేవి, నిదానంగా కరిగేవి అని రెండు తరగతులుగా ప్రామాణీకరించారు. మన మెట్టకు వీటన్నిటిలో ఎక్కువ అక్కరకొచ్చేది ఈ చివరిదే. ఎందుకో ముందు తెలుస్తుంది.

మెట్టకు వచ్చిన కరెంటు

1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి, 1969లో కేంద్ర స్థాయిలో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాయి. అప్పటినుంచి 11 కె.వి. లైన్లు పల్లెలకు సాగాయి. అప్పటి అలవాటు ప్రకారం ఊరికో పొలానికో 63 లేదా 100 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు నిలిపి, దాని నుంచి ఎల్‌.టి. (తక్కువ వోల్టేజి) తీగలను బోర్ల దాకా చాలా దూరం లాగేవారు. పెన్న మీది సోమశిల జలాశయం నీరు అందే పొలాలు కొన్నే. మిగిలిన మెట్టంతా బావులమీదా, తర్వాత బోర్లమీదా బతికింది. నీటిమట్టం దిగినకొద్దీ మోటార్ల హార్స్‌పవర్ పెరిగింది. ట్రాన్స్‌ఫార్మర్లు అదే వేగంతో పెరగలేదు.

మండలి 1999లో ఉత్పత్తి, సరఫరా సంస్థలుగా విడిపోయింది. 2000లో పంపిణీ కూడా వేరై, నెల్లూరు జిల్లా తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కిందికి వచ్చింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలైంది. సరఫరా రోజంతా కాకుండా వంతులవారీగా వచ్చింది, మొదట 7 గంటలు, తర్వాత 9 గంటలు. హెచ్‌.టి. ఫ్యూజు కథలో ఈ వంతుల సరఫరాకు దక్కాల్సిన చోటు దక్కలేదు.

కారణాలు

100 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు పూర్తి లోడులో 11 కె.వి. వైపు తీసుకునేది 5.25 ఆంపియర్లే. 25 కె.వి.ఏ. అయితే 1.3, 16 కె.వి.ఏ. అయితే 0.84. ఈ అంకెలు మాత్రమే చూసి తీగ కడితే ఫ్యూజు నిలవదు. కరెంటు ఇచ్చిన క్షణాన ట్రాన్స్‌ఫార్మరు ఇనుప గుండె అయస్కాంతీకరణ కోసం పూర్తి లోడుకు 10 నుంచి 12 రెట్ల కరెంటును గుంజుకుంటుంది. ఫ్యూజు దాన్ని 0.1 సెకను తట్టుకోవాలన్నది ఇంజనీర్లు పాటించే కొలత. 100 కె.వి.ఏ.కి ఇది 52 నుంచి 63 ఆంపియర్లు. 5 ఆంపియర్లకు సరిపోతుందని కట్టిన 35 గేజి తీగ ఆ కుదుపుకు తాళడం కష్టం. తాళినా వేడెక్కి, సాగి, చల్లారి మళ్లీ బిగుసుకుంటుంది. ఫీడరును రోజూ వంతులకు ఆపి వేసే చోట ఈ దెబ్బ రోజూ పడుతూనే ఉంటుంది. ఒకనాడు ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఏ లోపమూ లేకుండానే తీగ తెగుతుంది. ఆ రోజు తప్పెవరిదా అని వెతకడం వృథా. తీగ బలం అప్పటికే చాలా రోజులుగా తరుగుతూ వచ్చింది.

దీనికి ఆటో స్టార్టర్లు తోడయ్యాయి. రైతు పొలానికి రాకపోయినా కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగే ఏర్పాటు ఇది. రాత్రి వంతులప్పుడు చీకట్లో పాముల మధ్య నడిచే బాధ తప్పించింది కాబట్టి రైతును నిందించడానికి లేదు. కానీ ట్రాన్స్‌ఫార్మరు తన అయస్కాంతీకరణ కుదుపులో ఉన్న క్షణంలోనే కింది మోటార్లన్నీ తమ స్టార్టింగ్ కరెంటు కోసం ఒక్కసారిగా పడతాయి. రెండు కుదుపులూ కలిసి హెచ్‌.టి. తీగ మీదే పడతాయి. ఒక్కో స్టార్టరు కొద్ది సెకన్లు అటూఇటుగా పనిచేసేలా టైమరు పెట్టుకుంటే ఈ దెబ్బ తగ్గుతుంది. మోటారుకు కెపాసిటరు బిగిస్తే నడిచేటప్పటి కరెంటూ తగ్గుతుంది. ఉచిత విద్యుత్తుతో పాటు రైతులను పెట్టుకోమన్న పొదుపు ఏర్పాట్లలో కెపాసిటరు ఒకటి.

ఇక పిడుగు. హెచ్‌.టి. ఫ్యూజు ఉన్న స్తంభం మీదే లైట్నింగ్ అరెస్టరు ఉంటుంది. 11 కె.వి. లైన్లలో వాడుకలో ఉన్నది 9 కె.వి., 5 కిలో ఆంపియర్ల రకం. అరెస్టరును ఫ్యూజుకు ముందు, అంటే లైను వైపు పెడితే పిడుగు కరెంటు ఫ్యూజును తాకకుండా భూమిలోకి పోతుంది. ఫ్యూజుకు తర్వాత, ట్రాన్స్‌ఫార్మరు తొట్టికి ఆనుకుని పెడితే చుట్టలకు గట్టి రక్షణ దొరుకుతుంది, కానీ భూమిలోకి పోయే కరెంటంతా ముందు ఫ్యూజు తీగలోంచే నడవాలి. 5 కిలో ఆంపియర్ల మెరుపు కెరటం కొన్ని పదుల మైక్రోసెకన్లే ఉన్నా 35 గేజి తీగను కరిగించడానికి ఆ కాస్త సమయం చాలు. ట్రాన్స్‌ఫార్మరు విలువ ముందు తీగ విలువ ఎంత అనుకునేవారు రెండో పద్ధతినే కోరతారు. అది సబబే. అయితే అప్పుడు నిదానంగా కరిగే తరగతి ఫ్యూజు వాడాలి, అరెస్టరు ఎర్తు మంచిదై ఉండాలి. మెట్టలో వేసవికి నేల ఎండి ఎర్తు గుంట పనికిరాకుండా పోతుంది. ఎర్తు గుంటలో నీళ్లు పోయడం కూడా ఫ్యూజు రక్షణే.

ఎక్కువ ఫ్యూజులు పోవడానికి మూలం మాత్రం కిందివైపు, ఎల్‌.టి. పెట్టెలో ఉందని చెప్పక తప్పదు. 100 కె.వి.ఏ.కి ఎల్‌.టి. వైపు పూర్తి లోడు సుమారు 133 ఆంపియర్లు. ఎల్‌.టి. తీగలు గాలికి రాసుకున్నా, సర్కారు తుమ్మ కొమ్మ పడినా ముందు కరగాల్సింది అక్కడి ఫ్యూజు. అది మాటిమాటికీ పోతోందని అక్కడ ఏసీఎస్‌ఆర్ తీగలోని అల్యూమినియం పోగు కట్టేస్తే ఇక అది కరగదు. రెండు వైపుల వోల్టేజీల నిష్పత్తి సుమారు 25. పైన 25 గేజి తీగ కట్టి ఉంటే, అది కరగాలంటే కింద 760 ఆంపియర్ల దాకా పారాలి. అంతవరకూ ట్రాన్స్‌ఫార్మరు ఉడుకుతూనే ఉంటుంది. హెచ్‌.టి. ఫ్యూజు ఓవర్‌లోడును ఆపడానికి పెట్టింది కాదు, లోపలి షార్టును ఆపడానికి పెట్టింది. ఓవర్‌లోడును ఆపే పని కూడా దాని నెత్తిన పెడితే అటు తీగా ఇటు చుట్టా రెండూ పోతాయి.

గుర్తించడం, కట్టడం

ఒక హెచ్‌.టి. ఫ్యూజు పోయిన సంగతి కిందనుంచే తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు పైచుట్టలు డెల్టాగా, కిందివి స్టారుగా ఉంటాయి కాబట్టి, పైన ఒక ఫేజు తెగితే కింద ఒక ఫేజులో వోల్టేజి నిండుగా, మిగిలిన రెండింటిలో సగంగా వస్తుంది. స్టార్టరు దగ్గరి బల్బు ఒక ఫేజులో వెలుగుతుంది, రెండింటిలో మసగ్గా ఉంటుంది. ఎల్‌.టి. ఫ్యూజే పోయి, మోటార్లు ఆపి ఉంటే ఆ ఒక్క ఫేజు పూర్తిగా చీకటి. ఈ తేడా తెలిసిన రైతు ఎల్‌.టి. పెట్టెను అనవసరంగా కెలకడు, మోటారు స్టార్టరు బలవంతంగా నొక్కడు. సగం వోల్టేజి మీద మోటారు హూంకరిస్తూ తిరగకుండా నిలబడితే కొద్దిసేపటికే చుట్ట మాడుతుంది.

కొత్త తీగ కట్టే తీరులోనూ దాని ఆయుష్షు ఉంది. సబ్‌స్టేషను నుంచి లైన్ క్లియర్ తీసుకుని, ఏబీ స్విచ్ (లైనును విడదీసే స్విచ్) తెరిచి, లైనును ఎర్తు చేశాకే సిబ్బంది ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె ఎక్కాలి. ఇది రైతు చేయాల్సిన పని కానే కాదు. 2019 తర్వాత గ్రామ సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్లు వచ్చాక మనిషి కోసం ఎదురుచూడాల్సిన వ్యవధి తగ్గింది. తీగను నట్టు తిరిగే దిక్కునే చుట్టాలి, లేదంటే బిగించేకొద్దీ తీగ బయటికి జారుతుంది. లాగి బిగిస్తే నడుమ సన్నబడుతుంది. కటింగ్ ప్లేయర్ పంటిగాటు పడిన చోటే తర్వాత తెగుతుంది. కొమ్ము దగ్గరి క్లాంపు వదులైతే అక్కడి వేడి తీగలోకి పాకి, తీగ పాపం లేకుండానే కరుగుతుంది. ఇత్తడి టెర్మినలుకు అల్యూమినియం తీగ నేరుగా బిగించిన చోట ఈ వదులు త్వరగా వస్తుంది, రెండు లోహాలకూ సరిపడే బైమెటాలిక్ క్లాంపు అందుకే. ఒక తీగ లోపం వల్ల కరిగితే మిగిలిన రెండూ అదే దెబ్బ తిని ఉంటాయి కాబట్టి మూడూ మార్చమని గొట్టపు ఫ్యూజుల అంతర్జాతీయ ప్రమాణం సలహా ఇస్తుంది. వట్టి తీగలకైతే ఆ సలహా ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. పోయినదొక్కటే కట్టి దిగిపోయే అలవాటు వల్ల అదే దిమ్మె కొద్దిరోజుల్లో మళ్లీ ఎక్కాల్సి వస్తుంది.

చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల కాలం

11 కె.వి. లైనునే బోర్ల దగ్గరికి తెచ్చి, రెండు మూడు మోటార్లకు 16 లేదా 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు పెట్టే హెచ్‌.వి.డి.ఎస్. పద్ధతి 2000ల్లో రాష్ట్రంలో విస్తరించింది. 2011లో జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ దీనికి రుణమిచ్చింది. పొడవాటి ఎల్‌.టి. లైన్లు తగ్గడంతో వాటి షార్టులు తగ్గాయి. ఆ ట్రాన్స్‌ఫార్మరు తమదే అన్న భావన ఉన్న రైతులు కిందిపక్క అల్యూమినియం పోగు కట్టడానికి వెనకాడతారు. కానీ హెచ్‌.టి. ఫ్యూజుకు కొత్త కష్టం వచ్చింది. పూర్తి లోడు ఒక ఆంపియరు దగ్గరే ఉన్నప్పుడు దానికి తగిన తీగ వెంట్రుకంత సన్నం. గాలికి ఊగినా, కట్టేవాడి చేతిలో నలిగినా తెగుతుంది, చిన్న మెరుపు కెరటానికే కరుగుతుంది. అందుకని ఇలాంటి చోట లోడుకు తగ్గ తీగ కాకుండా, కుదుపునూ మెరుపునూ ఓర్చుకునేంత మందం తీగ కట్టి, ఓవర్‌లోడు బాధ్యతను ఎల్‌.టి. వైపు బ్రేకరుకు అప్పగించడమే సరైన మార్గం. కొమ్ముల స్థానంలో డ్రాపవుట్ ఫ్యూజు పెడితే, తీగ కరిగినప్పుడు గొట్టం కిందికి వేలాడుతుంది. ఏ ఫేజు పోయిందో గట్టు మీద నిలబడినవారికే కనిపిస్తుంది, ఆ సంగతి లైన్‌మన్‌కు ఫోనులోనే చెప్పవచ్చు.