హుర్ముజ్: తాగునీళ్లు లేని దీవి, దునియా దర్వాజా

గల్ఫ్‌లో ఎవరో ఒకరు లేని ఖాందాన్ మనలో తక్కువ. కడప, రాయచోటి వైపు ఇళ్లల్లో అయితే కువైట్ అంటే పక్క ఊరి లెక్క. టీవీలో హుర్ముజ్ జలసంధి అనే మాట వినబడితే చాలు, అమ్మీలు చేతిలో పని ఆపి వింటారు. ఆ పేరు వెనక ఉన్న తారీఖ్ మాత్రం మన పిల్లలకి ఎవరూ చెప్పలేదు.

ఒక పక్క ఇరాన్, ఇంకో పక్క ఒమాన్‌కి చెందిన ముసందం కొండలు. మధ్యలో సమందర్ బాగా సన్నబడిన చోట వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు. పెద్ద జహాజ్‌లకి గుర్తు పెట్టిన దారి ఇంకా సన్నం. లోపలికి రెండు నాటికల్ మైళ్లు, బయటికి రెండు, మధ్యలో ఢీకొనకుండా రెండు మైళ్ల ఖాళీ. అంతే.

హుర్ముజ్ మొదట ఇరాన్ ఒడ్డున ఉన్న ఊరు. 1300 ప్రాంతంలో దాడులు పడలేక అక్కడి అమీర్ తన జనాన్ని ఎదురుగా ఉన్న జరూన్ అనే చిన్న దీవికి తరలించాడు. తర్వాత ఆ దీవికే హుర్ముజ్ పేరు స్థిరపడింది. ఆ దీవిలో ఏముందీ అంటే ఉప్పు కొండలు, ఎర్ర మట్టి. తాగునీళ్లు కూడా బయటి నుంచి పడవల మీద రావాల్సిందే. 14వ శతాబ్దంలో అక్కడికి వెళ్లిన ఇబ్న్ బతూతా ఈ నీళ్ల తక్లీఫ్ గురించి రాశాడు. జనం చేపలూ ఖర్జూరాలూ తిని, అదే బాద్‌షాహీ ఖానా అని మురిసేవారట. వాళ్ల భాషలో ఖర్జూరం అంటే ఖుర్మా. ఈద్ పొద్దున మనం తాగే షీర్ ఖుర్మాలోని ఖుర్మా అదే.

పంట లేదు, నీళ్లు లేవు. అయినా ఆ దీవి దౌలత్‌తో నిండిపోయింది. ఎందుకంటే అది దర్వాజా దగ్గర కూర్చుంది. బస్రా వెళ్లే సరుకూ, హింద్ నుంచి వచ్చే మిరియాలూ, బట్టలూ అక్కడ ఆగి మహ్సూల్ కట్టి పోయేవి. మన దక్కన్‌కి కావలసిన గుర్రాలు ఆ దారినే వచ్చేవి. బహమనీ సుల్తాన్‌లూ, విజయనగర రాజులూ ఒకరితో ఒకరు జంగ్ చేసింది కూడా సముద్రం దాటి వచ్చిన ఆ గుర్రాల మీదే.

దర్వాజా విలువ పోర్చుగీసు వాళ్లకి బాగా తెలుసు. 1507లో అల్బుకెర్క్ నౌకలతో వచ్చి పడ్డాడు. అప్పటి బాద్‌షా ఇంకా పిల్లవాడు, హుకూమత్ అంతా వజీర్ ఖాజా అత్తార్ చేతిలో ఉంది. కిలా కట్టడం మొదలయ్యాక అల్బుకెర్క్ సొంత కెప్టెన్లే తిరగబడి వెళ్లిపోవడంతో పని ఆగింది. 1515లో మళ్లీ వచ్చి దీవిని పట్టేశాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు జుల్మ్. హిందూ మహాసముద్రంలో తిరిగే తాజిర్‌లు పోర్చుగీసు వాళ్ల దగ్గర పర్వానా కొనాలి, లేకపోతే జహాజ్ జప్తు. ఆ పర్వానాని కర్తాజ్ అనేవారు. అది మన అరబీ ఖిర్తాస్ నుంచి పోయిన మాటే, అంటే కాగితం. మన మాటే తీసుకుని మనకే అమ్మారన్నమాట! హజ్‌కి పోయే జహాజ్‌లకీ అదే షరతు. దాని మీద బీబీ మర్యం, ఈసా అలైహిస్సలాం బొమ్మలు ఉండేవి. అక్బర్ కాలంలో మఖ్దూముల్ ముల్క్ అనే ఆలిం, ఈ పర్వానా అడ్డు ఉన్నందున హజ్ ఫర్జ్ కాదని ఫత్వా ఇచ్చాడని బదాయూనీ రాశాడు. ఆ ఫత్వా సరైనదా కాదా అన్నది వేరే బహస్. సముద్రంలో ఒక కాగితం అంత దూరం వచ్చి ఇబాదత్‌ని తాకింది, అది చూడండి.

1622లో షా అబ్బాస్ ఫౌజ్, ఇంగ్లీషు ఈస్ట్ ఇండియా కంపెనీ జహాజ్‌ల మదద్‌తో దీవిని విడిపించింది. మదద్ ముఫ్త్‌గా రాలేదు, రేవు మహ్సూల్‌లో సగం కంపెనీకి ఇస్తామన్నది ఒప్పందం. షా తిజారత్‌ని ఎదురు ఒడ్డుకి మార్చాడు, అదే బందర్ అబ్బాస్. దీవి వెలవెలబోయింది. ఫార్సీలో బందర్ అంటే రేవు. మన మచిలీపట్నానికి బందరు అన్న పేరూ ఆ మాటే. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యం బట్టలు ఈ బందరు నుంచి ఆ బందర్‌కి వెళ్లేవి.

ఇప్పుడు గుర్రాలూ మిరియాలూ పోయి నూనె వచ్చింది. 2024లో రోజుకి దాదాపు 2 కోట్ల బ్యారెళ్లు ఈ ఇరుకులోంచి దాటాయి, అంటే దునియా వాడకంలో ఐదో వంతు. ఖతర్ గ్యాస్ కూడా ఇదే దారి. మన దేశం వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా దిగుమతిదే, అందులోనూ ఎక్కువ భాగం గల్ఫ్ నుంచే.

ఇరాన్-ఇరాక్ జంగ్‌లో 1984 నుంచి ట్యాంకర్ల మీద దాడులు ముమ్మరమయ్యాయి. 1988 జూలై 3న బందర్ అబ్బాస్ నుంచి దుబాయి పోతున్న ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని అమెరికా యుద్ధనౌక క్షిపణులతో కూల్చింది. 290 మంది చనిపోయారు, వారిలో 66 మంది పిల్లలు. నూనె ధర ఎంత పెరిగిందని లెక్క చెప్పేవాళ్లు ఈ లెక్క చెప్పరు.

వేరే దారి లేదా అంటే కొందరికి ఉంది. సౌదీ తన నూనెని పైపుల్లో ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న యన్బుకి పంపగలదు. ఎమిరేట్స్‌కి ఫుజైరా వరకూ పైపు ఉంది. అవి కూడా మొత్తం నూనెని మోయలేవు. కువైట్, ఖతర్, బహ్రెయిన్‌లకి ఆ మాత్రం కూడా లేదు. వాటి జహాజ్‌లు బయటి సముద్రం చూడాలంటే ఆ ఉప్పు దీవి పక్కనుంచి దాటాల్సిందే.