పింఛన్ ఆగితే ఎవరిని అడగాలి? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో దివ్యాంగుల పథకాలపై నిఘా తీరు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డవి. అంతకుముందు వీటిలో చాలా భాగం ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే ఉండేది. కాటారం, మహదేవపూర్ వైపు మండలాలు కరీంనగర్ నుంచి, గార్ల, బయ్యారం ఖమ్మం నుంచి వచ్చి కలిశాయి. దివ్యాంగుల పింఛన్ గురించి మాట్లాడేటప్పుడు ఈ పాత లెక్క ఎందుకంటే, ఇక్కడి చాలామంది చేతిలో ఉన్న సదరం సర్టిఫికెట్ పాత జిల్లా పేరుతోనే ఉంది. రేషన్ కార్డు ఒక జిల్లా పేరుతో, ఆధార్ ఇంకో చిరునామాతో, సర్టిఫికెట్ మూడో దానితో ఉంటే, తనిఖీకి వచ్చిన అధికారి ముందు జవాబు చెప్పుకోవాల్సింది పింఛన్‌దారుడే. జిల్లాను విడదీసింది ఆయన కాదు కదా!

ప్రభుత్వ డబ్బు ఎవరికి పోతున్నదో చూడటం సర్కారు బాధ్యత. అందులో తప్పు లేదు. అయితే ఈ నిఘా రెండు వైపులా ఉండాలి. పింఛన్ తీసుకునే మనిషి అర్హుడా కాదా అన్నది ఒక వైపు. ఇవ్వాల్సిన దఫ్తర్ టైముకు ఇస్తున్నదా, అన్యాయంగా ఆపిందా అన్నది రెండో వైపు. మొదటి దానికి యంత్రాలు, యాప్‌లు, సర్వేలు ఉన్నాయి. రెండో దానికి చట్టం ఉంది కానీ, ఆ చట్టంలో ఏమున్నదో ఊళ్లల్ల తెలిసినవాళ్లు తక్కువ.

పింఛన్ ఎంత, ఎవరికి

ఉమ్మడి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛన్ నెలకు 500 రూపాయలు ఉండేది. తెలంగాణ వచ్చాక 2014 నవంబర్‌లో ఆసరా పథకం మొదలైనప్పుడు 1500 చేశారు. 2019లో 3016కు, 2023 జూలైలో 4016కు పెంచారు. కాంగ్రెస్ పార్టీ 2023 ఎన్నికల్లో చేయూత గ్యారంటీ కింద దివ్యాంగులకు 6000 ఇస్తామని చెప్పింది. పథకం పేరు మారింది గానీ 2025లో కూడా చేతికి అందింది 4016 రూపాయలే. 6000 కోసం వికలాంగుల హక్కుల పోరాట సమితి పేరుతో సభలు, ధర్నాలు నడుపుతున్న మంద కృష్ణ మాదిగ ఈ ఉమ్మడి వరంగల్ జిల్లా వ్యక్తే.

ఈ డబ్బులో కేంద్రం వాటా ఎంతో చాలామందికి తెలియదు. ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛన్ పథకం కింద కేంద్రం ఇచ్చేది నెలకు 300 రూపాయలు. అదీ 80 శాతం, అంతకు మించి వైకల్యం ఉండి, దారిద్ర్య రేఖ కింద ఉన్న 18 ఏళ్లు దాటినవాళ్లకే. 2012 తర్వాత ఆ 300 పెరగలేదు. మిగతాదంతా రాష్ట్ర ఖజానా నుంచే.

రాష్ట్రంలో అర్హత 40 శాతం వైకల్యం, వినికిడి లోపానికైతే 51 శాతం. వయసు పరిమితి లేదు, చిన్న పిల్లలకూ వస్తుంది. అనర్హతలు 2014 మార్గదర్శకాల్లో రాసి ఉన్నాయి: మూడెకరాలకు మించి తరి, ఏడున్నర ఎకరాలకు మించి మెట్ట ఉండొద్దు. పిల్లలు ప్రభుత్వ, ప్రైవేటు, కాంట్రాక్టు ఉద్యోగులై ఉండొద్దు. కారు, లారీ లాంటి వాహనాలు, రైస్ మిల్లు, పెట్రోల్ బంకు ఉండొద్దు. వేరే సర్కారు పింఛన్ తీసుకోవద్దు. వీటికి తోడు ఇంకో మాట ఉంది. మనిషి జీవన శైలి, వృత్తి, ఆస్తులు చూసి తనిఖీ అధికారి అనర్హుడని నిర్ణయించవచ్చట. అసలు చిక్కు ఇక్కడే. మూడెకరాలకు కొలత ఉంది, జీవన శైలికి ఏం కొలత ఉంది? కొడుకు అప్పు చేసి స్లాబు వేస్తే తండ్రి పింఛన్‌కు అనర్హుడైతడా? ఆ నిర్ణయం కాగితం మీద కారణంతో సహా రాయించుకోకపోతే, తర్వాత అప్పీలు చేయడానికి చేతిలో ఏమీ మిగలదు.

శాతం ఎవరు తేలుస్తారు

సదరం శిబిరంలో డాక్టర్లు చూసి, కంప్యూటర్‌లో ఎక్కించి శాతం ఇస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ పద్ధతి స్థానంలో ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ యూడీఐడీ కార్డు వస్తున్నది. 2024 అక్టోబర్‌లో సవరించిన నిబంధనల ప్రకారం దరఖాస్తు ఆ పోర్టల్‌లోనే పెట్టాలి. 40 శాతం లోపు ఉన్నవాళ్లకు తెల్ల కార్డు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. డాక్టర్ల బృందం తేల్చడానికి ఇంతకుముందు నెల గడువు ఉండేది, ఇప్పుడు మూడు నెలలు చేశారు. అంటే ఆలస్యాన్ని నిబంధనే ఒప్పుకున్నట్టు.

ఒకప్పుడు పలిమెల నుంచైనా, కొత్తగూడ నుంచైనా పెద్ద డాక్టరు కావాలంటే వరంగల్ ఎంజీఎంకు పోవాల్సిందే. మహబూబాబాద్‌లో 2022 నవంబర్‌లో, జనగామ, భూపాలపల్లిలో 2023 సెప్టెంబర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరిచారు. దాంతో జిల్లా కేంద్రంలోనే నిపుణులు దొరికే వీలు పెరిగింది. అయినా గోదావరి ఒడ్డున ఉన్న పలిమెల నుంచి భూపాలపల్లికి మనిషిని మోసుకొచ్చేవాళ్లకు ఒక రోజు కూలి పోతది, బండి కిరాయి ఇంకోవైపు. స్లాట్ ఇచ్చిన రోజు డాక్టరు రాకపోతే ఆ ఖర్చు ఎవరూ తిరిగి ఇవ్వరు.

డాక్టర్ల నిర్ణయం నచ్చకపోతే అప్పీలుకు హక్కు ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ ఆ దారి ఇచ్చింది. ఈ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 1995 పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండగా ఇందులో 21 ఉన్నాయి. తలసీమియా, సికిల్ సెల్, కండరాల క్షీణత, ఆటిజం అన్నీ వచ్చాయి. మహబూబాబాద్, భూపాలపల్లి ఏజెన్సీ గ్రామాల్లోని ఆదివాసీ కుటుంబాలు ముఖ్యంగా సికిల్ సెల్ సంగతి తెలుసుకోవాలి. పాత జాబితా లెక్కన 'నీది రాదు' అని వెనక్కి పంపితే ఒప్పుకోవాల్సిన పని లేదు.

దొంగ సర్టిఫికెట్‌తో లబ్ధి పొందినవాళ్లకు అదే చట్టం 91వ సెక్షన్ రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పెట్టింది. శాతం అమ్ముకునే దళారులు ఉన్న మాట నిజమే. అందుకే తనిఖీ మొత్తానికే వద్దనడం కుదరదు.

మిషన్ చెప్పిందే మాట

తెలంగాణలో సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. వాహనాలు, భూములు, కరెంటు, ఉద్యోగాలు తదితర రికార్డులను పేరు, చిరునామా పోలికతో ఒకచోట కలిపి ఒక కుటుంబానికి ఏమున్నదో చెప్తుంది. రేషన్ కార్డుల విషయంలో ఇది ఎంత దెబ్బ కొట్టిందో లోకానికి తెలిసింది. సుమారు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన కేసులో, రద్దయిన కార్డులను ఇంటింటికీ పోయి మళ్లీ తనిఖీ చేయాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఒక రిక్షా కార్మికుడి ఇంటికి కారు ఉందని ఈ వ్యవస్థ చెప్పింది. అదే తరహా పేరున్న వేరే మనిషి కారు అది.

ఇలాంటి పొరపాటు ముస్లిం కుటుంబాలకు సులువుగా తగులుతుంది. ఒక కాగితంలో 'ఎండీ', ఇంకోదాంట్లో 'మహమ్మద్', మూడోదాంట్లో 'మొహ్మద్'. 'షేక్' ఒకచోట పేరు ముందు, ఇంకోచోట 'ఎస్‌కే' అని పొట్టిగా. ఒకే మండలంలో ఒకే పేరు, ఒకే తండ్రి పేరు ఉన్నవాళ్లు నలుగురైదుగురు దొరుకుతారు. లంబాడా తండాల్లోనూ అదే తీరు, ఇంటిపేర్లు కొన్నే. ఆధార్, సర్టిఫికెట్, పాస్‌బుక్ మూడింట్లో పేరు అక్షరం అక్షరం ఒకేలా చేయించుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

చెల్లింపు దగ్గర ఇంకో మిషన్. పల్లెల్లో పింఛన్ ఎక్కువగా పోస్టాఫీసు ద్వారా వస్తుంది. రాళ్లు కొట్టి, నాట్లేసి అరిగిన వేళ్లకు ముద్ర పడదు. కుష్టు వచ్చి తగ్గినవాళ్లకు, చేతులు లేనివాళ్లకు అసలే పడదు. 2025 జూలై నుంచి ముఖం గుర్తించే యాప్ తెచ్చారు. అదీ పని చేయకపోతే వేలిముద్ర, అదీ కాకపోతే పంచాయతీ కార్యదర్శి ధ్రువీకరణ. ఈ మూడో దారి ఉందని అడిగి తీసుకోవాలి. మిషన్ ఒప్పుకోలేదని ఖాళీ చేతులతో ఇంటికి పంపితే, వరుసగా కొన్ని నెలలు తీసుకోలేదని పేరే తీసేసే ప్రమాదం ఉంది.

ఇచ్చింది తిరిగి కట్టమంటే

పొరుగున ఉన్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో 2024 జూలైలో ఒక వృద్ధురాలికి నోటీసు వచ్చింది. చనిపోయిన కూతురి ఉద్యోగం తాలూకు కుటుంబ పింఛన్ వస్తుండగా ఆసరా కూడా తీసుకున్నందుకు 1.72 లక్షలకు పైగా తిరిగి కట్టాలని. నిబంధన ప్రకారం రెండు పింఛన్లు కుదరవు, నిజమే. కానీ ఏళ్ల తరబడి నెలనెలా మంజూరు చేసిన దఫ్తర్‌కు ఏ బాధ్యతా లేనట్టు, ఎనభై దాటిన మనిషి మీద మొత్తం పెట్టడం రాష్ట్రమంతా గొడవైంది. తర్వాత, మళ్లీ చెప్పేదాకా రికవరీ నోటీసులు ఇవ్వొద్దని ప్రభుత్వం కలెక్టర్లకు చెప్పాల్సి వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2025లో దివ్యాంగుల పింఛన్లన్నిటికీ వైద్య పునఃపరిశీలన చేశారు. శాతం తగ్గిందని వేల మందికి నోటీసులు పోయాయి. గొడవయ్యాక అప్పీలుకు అవకాశం ఇచ్చి, అప్పటిదాకా పింఛన్ ఆపబోమన్నారు. అప్పీలు తేలాకే ఆపడం అన్న ఆ వరుస ముందే పెట్టుకుంటే ఎవరికీ నష్టం ఉండేది కాదు.

ప్రభుత్వాల మీదా లెక్కాధికారి ఉన్నాడు. జాతీయ సామాజిక సహాయ పథకాలపై కాగ్ 2023లో ఇచ్చిన నివేదికలో, పింఛన్ల కోసం పెట్టిన నిధుల్లోంచి 2.83 కోట్లు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ వేరే పథకాల ప్రచారానికి మళ్లించిందని తేల్చింది. ఆ డబ్బు తిరిగి కట్టమని ఎవరికీ ఇంటికి నోటీసు పోయినట్టు వినలేదు.

పని, ఉద్యోగం

ఉపాధి హామీ మొదటి విడతలోనే, 2006లో, ఉమ్మడి వరంగల్ జిల్లాకు వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ కూడా ఆ ఏడే మొదలైంది. మస్టర్లు ఊళ్లో చదివి, మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారుల్ని నిలబెట్టి అడిగే పద్ధతి అది. పింఛన్ల జాబితా గ్రామసభలో అంత గట్టిగా చదవడం అరుదు. ఎవరి పేరు ఎందుకు తీశారో ఊరి ముందు చెప్పే ప్రజావేదిక పింఛన్లకు కూడా ఉంటే, దళారుల పని, దఫ్తర్ల పని రెండూ బయటపడతాయి.

ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం, పేదరిక నిర్మూలన, గృహ పథకాల్లో 5 శాతం చట్టం ఇచ్చింది. భూపాలపల్లికి ఇంకో సెక్షన్ ముఖ్యం. పనిలో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. ఖాళీ లేకపోతే అదనపు పోస్టు పెట్టాలి. ఇది 20వ సెక్షన్. సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. గనిలో దెబ్బ తిన్న కార్మికుడి ఇంట్లో వాళ్లు మెడికల్ అన్‌ఫిట్, వారసుడి ఉద్యోగం గురించి మాట్లాడుకునే ముందు ఈ సెక్షన్ కూడా చదువుకోవాలి.

ఎక్కడ అడగాలి

దివ్యాంగుల సంక్షేమ శాఖ వేరు, పింఛన్ ఇచ్చే శాఖ వేరు. పింఛన్ సంగతి గ్రామంలో కార్యదర్శి, మండలంలో ఎంపీడీఓ, జిల్లాలో డీఆర్డీఓ చూస్తారు. మున్సిపాలిటీలో కమిషనర్. మూడు చక్రాల బండి, సబ్సిడీ లోను, పెళ్లి ప్రోత్సాహకం లాంటివి జిల్లా సంక్షేమ అధికారి దగ్గర. ఇక్కడికి పోతే అక్కడికి పంపుతారు, అందుకే ముందే తెలిసి పోవాలి.

నోటితో అడిగితే మాట పోతది, కాగితం ఇవ్వాలి. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. ఏ ఉత్తర్వు ప్రకారం ఆపారు, ఎవరు తనిఖీ చేశారు, ఏ తేదీన అని సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. లబ్ధిదారుల వివరాలు అడగకుండానే బయట పెట్టాలని ఆ చట్టం 4వ సెక్షన్ చెప్తుంది. దివ్యాంగుల చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఉద్యోగ సంబంధ ఫిర్యాదుల కోసం ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారించాలి. తృప్తి లేకపోతే జిల్లా స్థాయి కమిటీకి, ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు. కమిషనర్‌కు సాక్షులను పిలిపించడం, రికార్డులు తెప్పించడం వంటి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఆయన సిఫారసు చేస్తే సంబంధిత శాఖ మూడు నెలల్లో ఏం చేసిందో చెప్పాలి, చేయకపోతే ఎందుకు చేయలేదో చెప్పాలి.

తెలుగు రాయడం రానివాళ్లు ఉర్దూలో అర్జీ ఇవ్వొచ్చు. 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష. అర్జీకి సదరం లేదా యూడీఐడీ నకలు, ఆధార్, పింఛన్ చివరిసారి పడిన నెల చూపించే పాస్‌బుక్ పేజీ జత చేయాలి. అసలు కాగితాలు మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టొద్దు.