స్లోవేనియా: తొలి యాత్ర

స్లోవేనియా మధ్య ఐరోపాలో ఇటలీ, ఆస్ట్రియా, హంగరీ, క్రొయేషియాల నడుమ ఉన్న గణతంత్ర దేశం. విస్తీర్ణం సుమారు 20,273 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో ఐదో వంతు కన్నా కొంచెం తక్కువ. జనాభా సుమారు 21 లక్షలు. రాజధాని లుబ్లియానా. 1991 జూన్ 25న యుగోస్లావియా నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. వెంటనే మొదలైన యుద్ధం పది రోజుల్లో ముగిసింది. 2004 మే 1న యూరోపియన్ యూనియన్‌లో చేరింది. 2007 జనవరి 1 నుంచి యూరో చెలామణీలో ఉంది. అదే ఏడాది డిసెంబరు 21న షెంగెన్ ప్రాంతంలో భాగమైంది.

దేశం చిన్నది కనుక రెండు రోజుల్లో చుట్టేయవచ్చని యాత్రా కరపత్రాలు తరచు రాస్తుంటాయి. దూరాల లెక్క చూస్తే అది నిజమే అనిపిస్తుంది. రాజధాని నుంచి బ్లెడ్ సరస్సుకు సుమారు 55 కిలోమీటర్లు, సముద్ర తీరంలోని పిరాన్‌కు సుమారు 120. అయితే వాయవ్యాన ఆల్ప్స్ పర్వతాలు, నైరుతిన సున్నపురాయి పీఠభూమి, దానికి ఆనుకుని ఏడ్రియాటిక్ తీరం, తూర్పున పన్నోనియా మైదానం ఉన్నాయి. ఈ నాలుగింటి వాతావరణమూ వేరు, వాటిని చూడదగిన నెలలూ వేరు. తొలిసారి వెళ్ళేవారు కిలోమీటర్లకన్నా ముందు నెలను, బస చేసే ఊళ్ళను తేల్చుకోవడం మేలు.

ఋతువులు

మే, జూన్ నెలల్లో కొండల మీది మంచు కరిగి జలపాతాలు నిండుగా ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో బ్లెడ్, పిరాన్ కిక్కిరిసిపోతాయి. సెప్టెంబరులో రద్దీ తగ్గుతుంది, సరస్సుల నీరు ఇంకా ఈతకు అనువుగా ఉంటుంది, ఎత్తైన దారులు కూడా చాలావరకు తెరిచి ఉంటాయి. తొలి యాత్రకు ఎక్కువమంది సూచించేది ఈ నెలనే. ఆ సూచన సమంజసమైనదే. అక్టోబరు, నవంబరుల్లో జూలియన్ ఆల్ప్స్‌లో వానలు హెచ్చు. ఐరోపాలో అత్యధిక వర్షపాతం గల ప్రాంతాల్లో ఇది ఒకటి.

వానల్లోనే చూడవలసినది కూడా ఒకటుంది. సెర్క్‌నిత్సా సరస్సు వానాకాలంలో నిండి, ఎండాకాలంలో నేల రంధ్రాల గుండా ఇంకిపోయి పచ్చిక మైదానంగా మారుతుంది. దీని తీరును వివరించిన యానెజ్ వాయ్కార్డ్ వల్వాసోర్‌కు 1687లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. ఆగస్టులో వెళ్ళి సరస్సు కోసం వెదికితే గడ్డి తప్ప ఏమీ కనిపించకపోవచ్చు.

వీసా, ప్రవేశం

భారతీయ పాస్‌పోర్టు గలవారికి షెంగెన్ వీసా తప్పనిసరి. ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. ప్రయాణంలో పలు దేశాలున్నప్పుడు ఎక్కువ రోజులు గడిపే దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే ముందుగా అడుగుపెట్టే దేశానికి చేయాలి. స్లోవేనియాను ఇటలీతోనో ఆస్ట్రియాతోనో కలిపి చూసేవారు ఈ నియమం దగ్గరే పొరబడుతుంటారు. దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు. ప్రయాణానికి 15 రోజుల ముందుకన్నా ఆలస్యం కాకూడదు. సాధారణ పరిశీలన గడువు 15 రోజులు. కొన్ని సందర్భాల్లో 45 రోజుల దాకా పడుతుంది. 2024 జూన్ 11 నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపాలి.

2025 అక్టోబరు 12న మొదలైన కొత్త ప్రవేశ, నిష్క్రమణ విధానం కింద షెంగెన్ సరిహద్దులో వేలిముద్రలు, ముఖచిత్రం నమోదు చేస్తున్నారు. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో చేరినా, ఆ దేశంతోనూ హంగరీతోనూ ఉన్న సరిహద్దుల్లో స్లోవేనియా అదే ఏడాది అక్టోబరులో తాత్కాలిక తనిఖీలు పెట్టి, వాటిని పలుమార్లు పొడిగించింది. కనుక జాగ్రెబ్ వైపు వెళ్ళివచ్చేవారు పాస్‌పోర్టు చేతిలో ఉంచుకోవాలి.

రాకపోకలు

భారతదేశం నుంచి నేరుగా విమానం లేదు. జాతీయ విమానసంస్థ అడ్రియా ఎయిర్‌వేస్ 2019లో మూతపడ్డాక లుబ్లియానా విమానాశ్రయానికి సర్వీసులు తగ్గాయి. వెనిస్, జాగ్రెబ్, వియన్నాలలో దిగి బస్సులోనో రైల్లోనో రావడం ఇప్పుడు మామూలైంది.

దేశంలో రైళ్ళకన్నా బస్సులే ఎక్కువ చోట్లకు వెళతాయి. రైల్లో బ్లెడ్ వెళ్ళేవారు గమనించవలసినదొకటి: లెస్త్సె–బ్లెడ్ స్టేషన్ సరస్సుకు సుమారు 4 కిలోమీటర్ల దూరంలో ఉంది. బ్లెడ్ యెజెరో స్టేషన్ సరస్సు పడమటి ఒడ్డుకు ఎగువన ఉంది, అయితే అది వేరే రైలుమార్గం మీది స్టేషన్. 1906లో ప్రారంభమైన ఆ బోహిన్ మార్గం కొండల కింద సొరంగంలో సాగి సోచా నది లోయలోకి దిగుతుంది. బోహిన్‌స్కా బిస్త్రిత్సా నుంచి మోస్త్ నా సోచి వరకు కార్లను కూడా రైలు మీద ఎక్కించి తీసుకువెళతారు. కొండల మీది కనుమ దారులు మూసుకున్న రోజుల్లో ఇది ఎంతో అక్కరకొస్తుంది.

కారు అద్దెకు తీసుకునేవారికి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ దగ్గర ఉండటం మంచిది. మోటార్‌వేలకు, ఎక్స్‌ప్రెస్ రహదారులకు వినియెట్ అనే రుసుము ముందే చెల్లించాలి. 2022 నుంచి అద్దానికి అంటించే చీటీ పోయి, బండి నంబరు మీద నమోదు చేసే పద్ధతి వచ్చింది. పగటిపూట కూడా హెడ్‌లైట్లు వెలుగుతూ ఉండాలి. నవంబరు 15 నుంచి మార్చి 15 వరకు శీతాకాలపు టైర్ల వంటి పరికరాలు తప్పనిసరి.

లుబ్లియానా

1895 ఏప్రిల్ 14న, ఈస్టర్ ఆదివారం రాత్రి వచ్చిన భూకంపంలో నగరం బాగా దెబ్బతింది. నేటి నగరరూపం చాలావరకు ఆ తర్వాతి పునర్నిర్మాణంలో వచ్చినదే. 1901 నాటి డ్రాగన్ వంతెన ఆ తొలిదశకు చెందింది. తర్వాతి దశకు వాస్తుశిల్పి యోజె ప్లెచ్నిక్ (1872–1957) పేరే చెబుతారు. పాత రాతి వంతెనకు ఇరువైపులా పాదచారుల కోసం రెండు కొత్త వంతెనలు చేర్చి ఆయన కట్టిన త్రివంతెన, నది ఒడ్డు మార్కెట్టు, జాతీయ గ్రంథాలయం ఒక్క పూట నడకలోనే చూడవచ్చు. లుబ్లియానాలోని ఆయన నిర్మాణాలను 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నగర నడిబొడ్డున 2007 నుంచి మోటారు వాహనాలను దశలవారీగా నిలిపివేశారు. నడవగలిగినవారికి ఇంతకన్నా హాయైన రాజధాని ఐరోపాలో అరుదు.

బ్లెడ్, బోహిన్

బ్లెడ్ సరస్సు పొడవు సుమారు 2,120 మీటర్లు, లోతు సుమారు 30 మీటర్లు. బ్లెడ్ కోట విషయంలో రెండు సంవత్సరాలు వినిపిస్తాయి. జర్మనీ రాజు రెండవ హెన్రీ బ్లెడ్ ఎస్టేటును బ్రిక్సెన్ బిషప్పుకు దానమిచ్చింది 1004లో. పత్రాల్లో కోట ప్రస్తావన వచ్చింది 1011లో. కోట వయసుకు 1011నే ఆధారంగా తీసుకోవాలి.

సరస్సు మధ్య దీవికి తీసుకువెళ్ళే చెక్క పడవను ప్లెత్నా అంటారు. అడుగు చదునుగా, ముక్కు కోసుగా, పైన రంగుల గుడ్డ కప్పుతో ఉంటుంది. పడవవాడు వెనుక నిలబడి రెండు తెడ్లు వేస్తాడు; బరువు ఇరువైపులా సమానంగా ఉండేలా జనాన్ని తనే సర్ది కూర్చోబెడతాడు. ఈ సరస్సులో మోటారు పడవలు తిరగవు. ప్లెత్నా 1590 నాటిదని కొన్ని రచనలు చెబుతాయి. మరియా థెరెసా రాణి 18వ శతాబ్దిలో మ్లీనో గ్రామంలోని 22 కుటుంబాలకు యాత్రికులను దాటించే హక్కు ఇచ్చిందని మరికొన్ని చెబుతాయి. మొదటి లెక్క పడవకు, రెండోది దాని మీది హక్కుకు సంబంధించినవని భావిస్తే రెంటికీ పొత్తు కుదురుతుంది. తెడ్డు పట్టే హక్కు నేటికీ ఎక్కువగా వంశపారంపర్యంగానే వస్తోంది. రేవు నుంచి గుడికి 99 మెట్లు. పెళ్ళికొడుకు పెళ్ళికూతురిని ఎత్తుకుని ఇవన్నీ ఎక్కే ఆచారం ఉంది. గుడిలోని కోరికల గంటను 1534లో పాదువాలో పోతపోశారు.

బ్లెడ్ కస్టర్డ్ కేకును పార్క్ హోటల్ వంటవాడు ఇష్ట్వాన్ లుకాచెవిచ్ 1953లో ప్రవేశపెట్టాడు. ఆ తరహా కేకులు మధ్య ఐరోపాలో అంతకుముందే ఉన్నందున, ఈ సంవత్సరం బ్లెడ్ రకానికి మాత్రమే వర్తిస్తుందనాలి.

బోహిన్ దేశంలో శాశ్వతంగా నీరుండే సహజ సరస్సులన్నిటిలోకి పెద్దది. ట్రిగ్లావ్ జాతీయ ఉద్యానం లోపల ఉన్నందువల్ల ఒడ్డున కట్టడాలు తక్కువ. ప్రశాంతత కోరేవారు బ్లెడ్‌ను ఒక పూట చూసి, రాత్రి బసకు బోహిన్‌ను ఎంచుకోవడమే ఉచితం. 2,864 మీటర్ల ట్రిగ్లావ్ శిఖరాన్ని 1778 ఆగస్టు 26న నలుగురు తొలిసారి ఎక్కారు. ఆ ప్రయత్నాన్ని ప్రోత్సహించినవాడు జిగా జోయిస్. శిఖరారోహణకు సాధారణంగా రెండు రోజులు, పర్వతానుభవం, అక్కడి గైడు కావాలి. తొలి యాత్రలో పెట్టుకోదగినది కాదు.

గుహలు

పోస్తోయ్‌నా గుహల లోపలి భాగం 1818లో బయటపడింది. చక్రవర్తి మొదటి ఫ్రాన్సిస్ రాక కోసం దీపాలు అమర్చే పనిలో ఉన్న స్థానికుడు లుకా చెచ్ దాన్ని కనుగొన్నాడు. జిల్లా కోశాధికారి యెర్షినోవిచ్ ఆ ఘనత తనదన్నాడు. నేటి రచయితలు లుకా చెచ్ పక్షానే ఉన్నారు, అదే న్యాయమనిపిస్తుంది. 1819 నుంచి యాత్రికులను అనుమతిస్తున్నారు. 1872లో లోపల పట్టాలు వేశారు, 1884లో విద్యుద్దీపాలు పెట్టారు. సందర్శన సుమారు గంటన్నర. చాలా భాగం చిన్న రైల్లో సాగుతుంది. లోపల ఏడాది పొడవునా 10 డిగ్రీల ప్రాంతంలో చలి ఉంటుంది, వేసవిలోనూ స్వెటర్ వెంట ఉండాలి. చూపులేని గుహచరమైన ప్రోటియస్ గుడ్లు 2016లో ఇక్కడి అక్వేరియంలో పొదిగి పిల్లలయ్యాయి.

ష్కోత్సియన్ గుహలకు 1986లో యునెస్కో గుర్తింపు వచ్చింది. రేకా నది భూగర్భ లోయలో ప్రవహిస్తుండగా, దానికి సుమారు 45 మీటర్ల ఎత్తున వంతెన మీద నడవాలి. ఇక్కడ రైలు లేదు, మెట్లు ఎక్కువ. పిల్లలు, పెద్దవారు ఉన్న కుటుంబాలకు పోస్తోయ్‌నా, నడవగలవారికి ష్కోత్సియన్ అనువైనవి.

వర్షిచ్ కనుమ, సోచా లోయ

1,611 మీటర్ల వర్షిచ్ కనుమ దారిని మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా యుద్ధఖైదీలతో వేయించారు. 1916 మార్చి 8న మంచుచరియ విరిగిపడి వారిలో ఎందరో మరణించారు. 12న మరో చరియ పడిందంటారు. మృతుల సంఖ్యను కొందరు నూరు పైచిలుకు అనీ, కొందరు మూడు వందల దాకా అనీ రాశారు. నూరు దాటిందని చెప్పడం వరకే క్షేమం. దారి పక్కన తోటి ఖైదీలు కట్టిన చెక్క ప్రార్థనాలయం ఉంది. అక్కడ కాసేపు ఆగకుండా ఆ దారిన పోవడం తగదు. దారిలో 50 మలుపులు, వాటికి అంకెలు ఉన్నాయి. శీతాకాలంలో సాధారణంగా మూసివేస్తారు.

అవతలిది సోచా నది లోయ. 1915–17 మధ్య ఇటలీ, ఆస్ట్రియా–హంగరీ సేనలు ఇక్కడ పన్నెండు పోరాటాలు చేశాయి. చివరిది 1917 అక్టోబరు 24న కోబరిడ్ దగ్గర మొదలైంది. అందులో ఇటలీ ఓటమి తర్వాతి పలాయనాన్ని హెమింగ్వే తన నవలలో చిత్రించాడు. ఆయన అందులో పాల్గొన్నాడని కొన్ని చోట్ల కనిపించే మాట సరికాదు. ఆయన ఇటలీకి వచ్చింది 1918లో. కోబరిడ్ మ్యూజియంకు 1993లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ పురస్కారం లభించింది.

తీరం, తూర్పు ప్రాంతం

తీరం పొడవు సుమారు 47 కిలోమీటర్లు. వెనిస్ పాలనలో ఎదిగిన పిరాన్ సంగీతకారుడు తార్తీని జన్మస్థలం (1692). తూర్పున మరిబోర్, ప్తూయ్ ప్రసిద్ధ పట్టణాలు. మరిబోర్‌లో నాలుగు వందల ఏళ్ళు దాటినదిగా చెప్పే ద్రాక్షతీగ ఉంది.

భోజనం, వసతి

శాకాహారులు జున్ను నింపి చుట్టి ఉడికించే ష్ట్రుక్లి, అక్రోటు పప్పుతో చేసే పోతిత్సా రొట్టె తీసుకోవచ్చు; పిండిలో గుడ్డు ఉంటుందేమో అడగాలి. బక్‌వీట్ పిండితో చేసే ఝ్గాంత్సి మీద వేయించిన పందికొవ్వు తునకలు చల్లడం మామూలు. ఇద్రియా బంగాళదుంప ఝ్లిక్రోఫీలోనూ పందికొవ్వు కలుస్తుంది. కుళాయి నీరు తాగవచ్చు. 2016లో తాగునీటి హక్కును రాజ్యాంగంలో చేర్చారు. 2020 చట్టం ప్రకారం ఆదివారాలు చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి సరుకులు శనివారమే కొనుక్కోవాలి. అత్యవసర సహాయానికి 112, పోలీసులకు 113.

వ్యవధి

తొలి యాత్రకు ఏడు రాత్రులు తగిన కొలత. లుబ్లియానాలో మూడు రాత్రులు ఉండి గుహలు, తీరం అక్కడి నుంచే చూసి రావచ్చు. బోహిన్ లేదా బ్లెడ్‌లో మూడు, సోచా లోయలో ఒకటి గడపాలి. నాలుగు రోజులే ఉంటే తీరాన్నీ తూర్పునూ వదిలి రాజధానికీ బోహిన్‌కూ పరిమితం కావాలి. వర్షిచ్ దారి తెరిచిందీ లేనిదీ, వీసా నియమాలు మారిందీ లేనిదీ బయలుదేరే ముందు అధికారిక ప్రకటనల్లో ఒకసారి సరిచూసుకోవాలి.