ఐథుయ – ఐథియా
శీతకాలమునఁ గొల్లేటికి వచ్చు ఎఱ్ఱతల మునుఁగుడుబాతునకు శాస్త్రనామము "ఐథియా ఫెరీనా". ఇందు "ఐథియా" యను ప్రజాతినామమును 1822వ సంవత్సరమున జర్మను పండితుఁడు ఫ్రీడ్రిక్ బోయె యేర్పఱచెను. దీనికి మూలము "ఐథుయ" యను ప్రాచీన గ్రీకుపదము.

హోమరు రచించిన ఒడిస్సీ 5వ సర్గమున ల్యూకోథియా యను సముద్రదేవత యొడిస్యూసునకుఁ దన శిరోవస్త్రము నొసఁగి, ఐథుయవలెఁ గడలిలో మునుఁగును. దీనింబట్టి యా పక్షియు నీ బాతే యనుట సరికాదు. ఐథుయ సముద్రతీర శిలలపై రెండు మూఁడు గ్రుడ్లు పెట్టునని అరిస్టాటిలు వ్రాసెను. ఎఱ్ఱతలబాతు మంచినీటి మడుఁగుల రెల్లునడుమ గూడుకట్టి, సాధారణముగా 8 మొదలు 10 వఱకు గ్రుడ్లు పెట్టును. రెంటికిఁ గల సామ్యము మునుఁగుట మాత్రమే.

కావున బోయె వలన సంక్రమించినది పేరేకాని పక్షి కాదు. ప్రాచీనకావ్యమునకు నూతనశాస్త్రనామముతో నర్థము చెప్పుట నిఘంటుకారులకుఁ దగదు.