కల్లు ముంత నుండి బీరు గ్లాసు వరకు

మా మంచేనహళ్ళి వైపు తాతల కాలమున కల్లు రుచి చెప్పుట యొక విద్య. ఏ చెట్టుది, తెల్లవారి దించినదా, ప్రొద్దెక్కి పులిసినదా యని ఒక్క గ్రుక్కతో తేల్చెడివారు.

బీరు దొరలతో వచ్చినది. దక్షిణాదిలోని ఐదు కార్ఖానాలను 1915లో థామస్ లీష్మన్ దొర కలిపి యునైటెడ్ బ్రూవరీస్ నెలకొల్పెను. 1947లో విఠల్ మల్యా దానికి డైరెక్టరాయెను. 2010 ప్రాంతము నుండి బెంగుళూరులో అక్కడికక్కడే తయారుచేసి పోసెడి చిన్న కార్ఖానాలు వెలసినవి. మొలకెత్తించిన బార్లీని ఉడికించి, హాప్స్ పూవుతో చేదెక్కించి, ఈస్టుతో పులియబెట్టుదురు. మన పిల్లలు వాటిని చూడబోయి, దీనిలో కాఫీ వాసన, దానిలో నారింజ తొక్క యని ముచ్చటించుకొందురు. వినునపుడు తాతగారే గుర్తుకు వత్తురు.

విద్య సరే, వెల చెల్లించున దెవరు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. మరుసటి యేడు ఆంధ్రప్రదేశ్‌లోను, 2007లో కర్ణాటకలోను సారా నిషేధింపబడినది.

జీతపు రోజున నేను ఆలస్యముగా ఇల్లు చేరినచో, మా ఆవిడ గడపలో నిలిచి నా నడక చూచును. ఆమె నేమియు అనజాలను. పుట్టింట సారా చూచిన మనిషి.

ఉగాది పచ్చడిలో వేపపూవు చిటికెడే వేయుదుము. ఆ కొలత మన పిల్లలకు గుర్తుండుగాక!