వృద్ధాప్య పింఛను: రాయచోటి ప్రాంతంలో దాని చరిత్ర

పేద వృద్ధులకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే భృతిని వృద్ధాప్య పింఛను అంటారు. రాయచోటి, సంబేపల్లి, చిన్నమండెం, గాలివీడు, లక్కిరెడ్డిపల్లి, రామాపురం మండలాలు వానను నమ్ముకుని వేరుశనగ వేసే మెట్టనేలలు. కూలిపనితో బతికినవారికి ఇక్కడ ప్రావిడెంట్ ఫండు లేదు, దాచుకున్న సొమ్మూ లేదు. పడుచువారు కువైట్‌కో బెంగళూరుకో పోతే, ఊళ్లో మిగిలేది ముసలివారూ, వారికి అప్పగించిన మనవలూ. అందుకే పింఛను అందే ఒకటో తేదీ ఇక్కడి పేద ఇళ్లకు అంత ముఖ్యమైంది. పింఛను చరిత్రను సాధారణంగా ఏ ముఖ్యమంత్రి ఎంత పెంచారన్న లెక్కతో చెబుతారు. ఆ డబ్బు చేతికి ఎలా చేరింది, ఎవరికి చేరలేదు అన్నవి కూడా ఆ చరిత్రలో భాగమే.

వృద్ధాప్యంలో ప్రభుత్వ సాయం అందేలా చూడాలని రాజ్యాంగంలోని 41వ అధికరణం చెబుతోంది. అయితే అది ఆదేశిక సూత్రం మాత్రమే, కోర్టుకు వెళ్లి సాధించుకోగల హక్కు కాదు. దేశంలో మొదట 1957లో ఉత్తరప్రదేశ్ వృద్ధాప్య పింఛను మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 1960లలో పథకం వచ్చింది కానీ, అది దిక్కులేని కొద్దిమందికే పరిమితం. ఎన్.టి. రామారావు కాలంలో భూమిలేని వ్యవసాయ కూలీలకు పింఛను ఇవ్వడంతో పల్లెల్లో ఈ మాట ఇంటింటికీ తెలిసింది. అప్పటి మొత్తం నెలకు పాతిక ముప్పై రూపాయల స్థాయిది.

1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ సామాజిక సహాయ కార్యక్రమాన్ని ప్రారంభించి, 65 ఏళ్లు దాటిన నిరాధారులకు నెలకు 75 రూపాయలు ఇచ్చింది. ఆ రోజుల్లో ఊరికి ఇన్ని అని పింఛన్లు లెక్కగట్టి ఇచ్చేవారు. అర్హత ఉన్నా కొత్తవారి పేరు ఎక్కాలంటే పాతవారిలో ఎవరో ఒకరు కన్నుమూయాలి. తోటి ముసలివారి చావు కోసం ఎదురుచూడాల్సిన పరిస్థితిని పేదల మీద రుద్దిన ఆ కోటా పద్ధతి ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధాకరమైన ఘట్టం. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2006లో పింఛను 200 రూపాయలు చేసి, అర్హులందరికీ ఇవ్వాలన్న పద్ధతి తెచ్చాకే ఆ ఎదురుచూపు చాలావరకు తగ్గింది. 2009లో వచ్చిన అభయహస్తం ఇంకో దారి పట్టింది. పొదుపు సంఘంలోని మహిళ రోజుకు రూపాయి వేస్తే ప్రభుత్వమూ రూపాయి వేసేది. 60 ఏళ్లు నిండాక కనీసం 500 రూపాయల పింఛను వచ్చేది.

కేంద్రం కూడా 2006లోనే తన వాటాను 200 రూపాయలకు పెంచింది. 2011లో అర్హత వయసును 60కి తగ్గించి, 80 దాటినవారికి 500 ఇచ్చింది. 60 నుంచి 79 ఏళ్ల వారికి మాత్రం ఆ 200 ఇన్నేళ్లయినా పెరగలేదు. ధరలు ఎన్ని రెట్లయ్యాయో తెలిసినవారికి ఇది న్యాయమని అనిపించదు. మిగతా భారమంతా రాష్ట్రానిదే.

డబ్బు చేరే దారి కూడా మారుతూ వచ్చింది. మునుపు పంచాయతీ ఆఫీసు దగ్గరో బడి అరుగు మీదో కూర్చోబెట్టి, పేరు పిలిచి చేతికిచ్చేవారు. చనిపోయినవారి పేరిట డబ్బు తీసుకోవడం, చేతికిచ్చేటప్పుడు కొంత పట్టుకోవడం అప్పటి ఫిర్యాదులు. 2010 తర్వాత కడప, కర్నూలు, అనంతపురం సహా ఎనిమిది జిల్లాల్లో వేలిముద్రతో పనిచేసే స్మార్ట్‌కార్డులను ఏ మండలంలో ముందు పెట్టాలో లాటరీ పద్ధతిన ఎంచారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ ఆ మండలాలను పోల్చి చూశారు. పింఛన్లలో దారి మళ్లే సొమ్ము 6 శాతం నుంచి దాదాపు సగానికి తగ్గిందని తేల్చారు. ఇది పెద్ద మేలే. కానీ జీవితమంతా పార పట్టి, కాయలు ఒలిచి అరిగిపోయిన వేళ్లకు యంత్రంలో ముద్ర పడక తిప్పలుపడ్డవారూ ఉన్నారు. ఐరిస్, ముఖ గుర్తింపు తర్వాత వచ్చాయి.

2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ భరోసా పేరుతో పింఛను ఒక్కసారిగా 200 నుంచి 1,000 రూపాయలైంది. 2019 ఆరంభంలో 2,000 చేశారు. ఆ ఏడు మే 30న ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేసిన వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి దాన్ని 2,250కి పెంచి, రాష్ట్రంలో అర్హత వయసును 65 నుంచి 60కి దించారు. విడతల వారీగా 2024 జనవరి నాటికి అది 3,000 అయింది. 2020 ఫిబ్రవరి 1 నుంచి ప్రభుత్వం పెట్టిన గ్రామ వాలంటీర్లు ఇంటికే తెచ్చి ఇవ్వసాగారు. నడవలేనివారికి అది ఎంత ఊరటో 2024 ఎన్నికల వేళ తెలిసివచ్చింది. ఎన్నికల సంఘం ఆదేశంతో వాలంటీర్లను పక్కనపెట్టారు. ఏప్రిల్ ఎండల్లో వృద్ధులు గ్రామ సచివాలయాల దాకా, మే నెలలో బ్యాంకుల దాకా పోవాల్సి వచ్చింది. కొందరు ఎండదెబ్బకు ప్రాణాలు కోల్పోయారని అప్పటి పత్రికలు రాశాయి. ఏ పార్టీది తప్పన్న వాదన ఎలా ఉన్నా, నష్టపోయింది ముసలివారే.

ప్రభుత్వం మారాక 2024 జులై 1న పింఛను 4,000 అయింది. ఏప్రిల్ నుంచి నెలకు వెయ్యి చొప్పున బకాయి కలిపి ఆ రోజు 7,000 ఇచ్చారు. పంచే పని సచివాలయ సిబ్బందికి మారింది. 2025 ఫిబ్రవరి 1న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సంబేపల్లి మండలం మోటుకట్లలో స్వయంగా పింఛన్లు అందించారు.

అర్హత నిబంధనల్లో మెట్ట ప్రాంతానికి తగినదొకటి ఉంది: మాగాణి మూడెకరాల లోపే ఉండాలి, మెట్ట అయితే పదెకరాల దాకా ఉండవచ్చు. రాయచోటి వైపు పదెకరాల మెట్ట ఉన్న రైతు కూడా కరవు ఏట కూలికి పోవాల్సినవాడే. కుటుంబానికి ఒకే పింఛను అన్న నిబంధన మాత్రం కఠినమైనది. ఆలుమగలిద్దరూ 60 దాటినా సాధారణంగా ఒకరికే వస్తుంది. తీవ్ర వైకల్యం, డయాలసిస్ వంటివాటికే మినహాయింపు. పింఛను తీసుకునే భర్త పోతే వెంటనే భార్యకు ఇవ్వడం 2024 చివర్లో మొదలైంది. అంతకు ముందు ఆ ఇంటికి మనిషీ పోయేవాడు, ఆదరువూ పోయేది.

కన్నవారిని బిడ్డలు చూడనప్పుడు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ అధ్యక్షుడిగా ఉండే ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. నెలకు 10,000 రూపాయల దాకా మనోవర్తి ఇప్పించే అధికారం దానికుంది. చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని మాట తప్పితే ఆ దానపత్రాన్ని రద్దు చేయవచ్చు. 14567 నంబరు వృద్ధుల సహాయవాణి.

మంచాన పడినవారికి సేవ చేసే మనిషి సంగతి ఈ చరిత్రలో దాదాపు లేదు. బ్రిటన్ 1976లో అలాంటి వారికి భత్యం పెట్టింది. పెళ్లయిన ఆడవాళ్లకు 1986 దాకా అదీ ఇవ్వలేదు. కేరళ ఆశ్వాసకిరణం పథకం కింద నెలకు 600 రూపాయలు ఇస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ కూడా ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షక భత్యం ప్రస్తావన చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతం వంటివాటితో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 2024 జులై నుంచి నెలకు 15,000 ఇస్తున్నారు. కానీ అది రోగి పేరిటే వస్తుంది. కూలి మానుకుని ఆ రోగికి అన్నం తినిపించే భార్యకో, కోడలికో, కూతురికో విడిగా పింఛను లేదు.