ముడుపు నుంచి ముడుపుల దాకా

మార్గశిర మాసం వస్తే మల్దకల్ జనంతో నిండిపోతుంది. గద్వాల నుంచి అయిజ వెళ్లే దారిలో ఉన్న ఈ మండల కేంద్రంలో వెలసిన స్వామి పేరు స్వయంభూ లక్ష్మీ వెంకటేశ్వరుడు. జనం మాత్రం ఆ పేరుతో పిలవరు, తిమ్మప్ప అంటారు. కన్నడ సీమలో తిరుపతి వెంకన్నను పిలుచుకునే పేరు అది. 1956 నవంబరు 1న రాష్ట్రాలు మారేదాకా గద్వాల తాలూకా రాయచూరు జిల్లాలోనే ఉండేది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నడిగడ్డకు ఆ పిలుపు పరాయిది కాదు.

జాతరకు వచ్చినవాళ్లు ముడుపులు చెల్లిస్తారు, తలనీలాలు ఇస్తారు, నామం పెట్టుకుంటారు, గోవిందా అంటారు, శఠగోపానికి తల వంచుతారు. జాతర ముగిసి బేరసారాల్లో పడ్డాక అదే జనం నోట అవే మాటలు వేరే పనిమీద వినిపిస్తాయి. ‘విత్తనాలు తీస్కపోయి నామాలు పెట్టిండు.’ ‘ఆయనకిచ్చిన పైసలు గోవిందా.’ ‘వడ్డీ కాదన్నా, నిలువుదోపిడీ.’ ‘ఈసారి పత్తిల మంచిగ క్షవరం అయింది.’ వ్యాపారంలో దెబ్బతిన్న తెలుగువాడు ఆ దెబ్బను చెప్పుకోవడానికి తీసుకునే మాటల్లో సగం వెంకన్న గుడి మెట్ల మీద నుంచి వచ్చినవే. ఇది కాకతాళీయం అనుకోలేం. దీని వెనక కొన్ని శతాబ్దాల లెక్కాడొక్కా ఉంది.

ఏ జాతి అయినా తన వ్యాపార నుడికారాన్ని డబ్బు చేతులు మారుతుండగా చూసిన చోటునుంచే తెచ్చుకుంటుంది. ఇప్పుడు హైటెక్ సిటీ మీటింగుల్లో మన పిల్లలు వాడే ‘బ్లూ చిప్’ పోకర్ బల్ల మీద పుట్టింది. ఆ ఆటలో నీలం బిళ్లకు విలువెక్కువ. ‘బాల్‌పార్క్ ఫిగర్’ అమెరికా బేస్‌బాల్ మైదానం నుంచి వచ్చింది. ‘బ్యాంక్‌రప్ట్’ వెనక ఇటలీ సాహుకారు కూర్చునే బల్ల, అది విరగడం ఉన్నాయి. తెలుగునాట సామాన్యుడు పేకాట బల్ల మీద వేలు కుప్పపడటం చూడలేదు. అంత సొమ్ము ఒక్కచోట చేరడం, లెక్క కావడం అతను చూసింది గుళ్లో.

చూసిన గుడి కూడా మామూలుది కాదు. ఆ దేవుడే అప్పులవాడు. తిరుమల స్థలపురాణం ప్రకారం పద్మావతితో పెళ్లికి శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర 14 లక్షల రామముద్రలు అప్పు తీసుకున్నాడు. పత్రం రాసిచ్చాడు. బ్రహ్మ, శివుడు, రావిచెట్టు సాక్షులు. ఇప్పటికీ వడ్డీ కడుతూనే ఉన్నాడని నమ్మకం. అందుకే ఆయన వడ్డికాసులవాడయ్యాడు. ప్రామిసరీ నోటు, సాక్షి సంతకం, వడ్డీ గడువు ఇన్ని హంగులతో అప్పు చేసిన దేవుణ్ణి కొలిచేవాళ్లకు అప్పు అంటే సిగ్గుపడాల్సిన సంగతిగా తోచదు. తీర్చాల్సిన సంగతిగా తోస్తుంది. నడిగడ్డలో అసలు చెల్లించలేకపోయినా వడ్డీ కట్టి నోటు తిరగరాయించుకునే రైతులో నాకు కనిపించేది ఈ నమ్మకమే.

ఆ కథకు దీటైన చరిత్రా ఉంది. విజయనగర కాలంలో తిరుమల స్వామికి భక్తులు ఇచ్చిన సొమ్ము పెట్టెలో మూలుగుతూ ఉండలేదు. దాన్ని గుడి మాన్యం ఊళ్లలో చెరువులు, కాలువలు తవ్వడానికి పెట్టారు. నీళ్లు పారి పెరిగిన పంటలో వచ్చిన భాగంతో దాత పేరిట నైవేద్యాలు జరిగేవి. గోడల మీది శాసనాలు ఈ ఏర్పాట్లను పద్దుల వారీగా చెబుతాయి. చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ 1960లో ఈ శాసనాల ఆధారంగానే తిరుమల గుడి ఆర్థిక వ్యవస్థ మీద పేరుపడ్డ వ్యాసం రాశాడు. ఈ రోజుల లెక్కలో చెప్పాలంటే అది డిపాజిట్లు తీసుకుని సాగునీటికి పెట్టుబడి పెట్టిన సంస్థ.

తర్వాతి ఘట్టం బాధ కలిగిస్తుంది. ఆర్కాటు నవాబు తన యుద్ధాల అప్పు కింద తిరుపతి గుడి రాబడిని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. పెళ్లి అప్పు తీర్చుకుంటున్న దేవుడి కానుకలు నవాబు అప్పుకు జమ అయ్యాయి. 1801 నుంచి గుడి నిర్వహణే కంపెనీ చేతికి వచ్చింది. 1821లో బ్రూస్ దొర నిబంధనావళి రాశాడు. 1843లో హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించేదాకా భక్తుడు వేసిన కాసులో మిగిలినది కంపెనీ ఖజానాకు పోయింది. తిరుమల తిరుపతి దేవస్థానం ఏర్పడింది 1933లో. ఇష్టంగా ఇచ్చింది ఇంకెవడి పెట్టెలోకో పోవడం అనే అనుభవం మన నుడికారానికి ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే, నేను ముందు ఆ కంపెనీ కాలాన్నే చూపిస్తాను.

గద్వాలకు ఈ కొండతో బంధం మరీ దగ్గరిది. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాల ముందు మూలవిరాట్టుకు ఏరువాడ జోడు పంచెలు వెళ్లేది ఇక్కడి మగ్గాల నుంచే. గద్వాల సంస్థానం నాటి నుంచి నడుస్తున్న ఆనవాయితీ. నేతగాళ్లు 41 రోజులు నిష్ఠతో నేస్తారు. పంచె పొడవు 11 గజాలు. అంచుల్లో కోటకొమ్మలు. పడుగు సరిచేసేవాళ్లు, పేక నడిపేవాళ్లు ఒకరి చేతికి ఒకరు అందిస్తూ ఒకే గుడ్డ మీద పనిచేస్తారు. బజారులో గద్వాల చీరకు బేరం ఉంటుంది కానీ ఈ పంచెలకు ఉండదు.

సంస్థానానికి ఒకప్పుడు సొంత నాణెం కూడా ఉండేది, అది రాయచూరు దాకా చెల్లింది. తర్వాత నిజాం హాలీ సిక్కా రాజ్యమేలింది. మద్రాసు రాష్ట్రంలో ఉన్న తిరుపతికి వెళ్లే నడిగడ్డ భక్తుడు దారిఖర్చుకు తన హాలీలను బ్రిటిష్ కల్దారులోకి మార్చుకోవాల్సి వచ్చేది. 7 హాలీ రూపాయలకు 6 కల్దార్లు. యాత్ర మొదలు కాకముందే మారకంలో కొంత పోయేది. ఇంటి దగ్గరే మల్దకల్ తిమ్మప్ప ఉంటే ఆ బెడద లేదు. కొండకు పోలేని పేదవాడికి ఈ గుడి ఎంత ఆసరాగా ఉండేదో ఈ చిన్న లెక్కలో తెలుస్తుంది.

ఇక మాటల దగ్గరికి వస్తే, నన్ను అన్నింటికన్నా కదిలించేది ముడుపు. పసుపునీళ్లలో తడిపి ఆరేసిన గుడ్డముక్క, అందులో రూపాయి బిళ్ల, నోరు తెరవకుండా మనసులో చెప్పుకున్న కోరిక. మూట కట్టి దేవుడి గూట్లో పెడతారు. ఇంట్లో ఎంత కటకటగా ఉన్నా ఆ రూపాయి ముట్టరు. పని జరిగాక గుడికి తీసుకెళ్లి చెల్లిస్తారు. బయానాకు, ముడుపుకు తేడా ఉంది. బయానా ఇచ్చినవాడు ఎదుటివాడిని కట్టేస్తాడు, ముడుపు కట్టినవాడు తనను తాను కట్టేసుకుంటాడు. అలాంటి మాట ఇప్పుడు పత్రికల్లో బహువచనంలో తప్ప కనిపించదు. 1987లో బోఫోర్స్ ఫిరంగుల బేరం బయటపడ్డాక ‘ముడుపులు’ అనేది దేశమంతా దద్దరిల్లిన కుంభకోణానికి తెలుగు పేరైంది. కాంట్రాక్టరు అధికారికి ఇచ్చేది ముడుపులు, టెండరు వెనక చేతులు మారేవి ముడుపులు. పని జరిగితే చెల్లింపు అన్న ఒక్క పోలికతో లంచం ఆ పసుపు గుడ్డను చుట్టుకుంది. ఈ మాట మలినమైందని నాకు నిజంగా బాధ. మల్దకల్ అంగళ్లలో ముడుపు గుడ్డ అడిగే ముసలమ్మకు పత్రికల ముడుపులతో పనిలేదు, అదొక్కటే ఊరట.

నిలువుదోపిడీదీ ఇదే దారి. స్వామి ఎదుట నిలబడి, ఆ క్షణంలో ఒంటిమీద ఉన్న నగలన్నీ, ముక్కుపుడక దాకా, హుండీలో వేస్తానన్న మొక్కు అది. ఆడవాళ్లు ఎక్కువగా మొక్కే మొక్కు. బిడ్డ ప్రాణం మీదకి వచ్చినప్పుడు తప్ప అంత మాట నోట రాదు. ఇప్పుడు ప్రైవేటు ఆసుపత్రి బిల్లుకూ, స్కూలు ఫీజుకూ, మార్కెట్లో తరుగు పేరిట కోసుకునే కిలోలకూ అదే పేరు. హుండీ సంగతి మాత్రం వేరు. సాహుకార్లు ఊరూరికీ సొమ్ము పంపుకోవడానికి రాసిన కాగితమూ హుండీనే, తిరుమలలో కొప్పెర అని పిలిచే కానుకల పాత్రా హుండీనే. అక్కడ బజారు మాటే గుడిలోకి వెళ్లింది.

శఠగోపం నమ్మాళ్వారు పేరు మీద వచ్చింది. స్వామి పాదాలున్న ఆ పాత్రను అర్చకుడు తలమీద పెట్టి క్షణంలో తీసేస్తాడు. ఎంత ఇచ్చినవాడికైనా అంతే, ఏమీ ఇవ్వనివాడికైనా అంతే. గుళ్లో అది సమానత్వం. బజారులో బాకీ వసూలుకు పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడికి అదే గుర్తొచ్చింది, తలమీద ఏదో పెట్టినట్టే పెట్టారు, చేతిలో ఏమీ పడలేదు. కుచ్చుటోపీ కూడా తలమీద పెట్టేదే గానీ, దాని పుట్టుక గుడి కాదు. పంగనామం, గోవింద, తిరుక్షవరం గురించి వేరే చెప్పనక్కర్లేదు. అన్నింట్లోనూ జరిగింది ఒక్కటే. గుళ్లో తనంత తానుగా ఇచ్చినదాన్ని బజారులో తన ఇష్టం లేకుండా లాక్కున్నారని చెప్పుకోవడానికి, ఇచ్చిన రోజు మాటనే వాడుకున్నారు. వీటిని దైవదూషణ అనే పెద్దలున్నారు. నేను ఒప్పుకోను. ఇవి పోగొట్టుకున్నవాళ్ల మాటలు. మోసం చేసినవాడు ‘నేను శఠగోపం పెట్టాను’ అని చెప్పుకోవడం ఎక్కడా వినం.

మల్దకల్ చుట్టుపక్కల ఈ నుడికారం ఇంత పదునుగా ఉండటానికి కారణం విత్తన పత్తి. నడిగడ్డ రైతు పత్తిని దూది కోసం కాదు, విత్తనం కోసం పండిస్తాడు. సాయంత్రం మర్నాడు విచ్చుకోబోయే ఆడ మొగ్గను వెతికి, గోటితో రేకులూ పుప్పొడి తిత్తులూ గిల్లి, కీలాగ్రం చెడకుండా గుర్తు పెట్టాలి. పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి అద్దాలి. ఒక్కో మగ పువ్వుతో నాలుగైదు పూలు. వారాల తరబడి ఇదే పని. దీన్ని క్రాసింగ్ అంటారు. దీనికయ్యే కూలి పెట్టుబడి రైతు దగ్గర ఉండదు కాబట్టి ఆర్గనైజరు ఇస్తాడు. కంపెనీకీ రైతుకూ మధ్య మనిషి ఆయనే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. విత్తనం కంపెనీకి ఇచ్చాక జీఓటీ పరీక్ష ఉంటుంది. నమూనా గింజలు మొలకెత్తించి, మొక్కల స్వచ్ఛత చూస్తారు. ఫలితం రావడానికి నెలలు పడుతుంది. ఫెయిలైతే ఆ లాటుకు ధర ఉండదు, తెచ్చిన అప్పు మాత్రం ఉంటుంది. పరీక్ష జరిగే చేనును రైతు చూడడు. తన కష్టం ఎక్కడ, ఎలా ఓడిపోయిందో తెలియని మనిషి చెప్పుకునే మాట శఠగోపం కాక మరేమవుతుంది?

ఈ గుడి మాటల పక్కన ఇప్పుడు కోర్టు మాట ఒకటి వచ్చి కూర్చుంది. అది ‘ఐపీ పెట్టాడు’. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద, అప్పులు తీర్చలేనని కోర్టుకు చెప్పుకునే దరఖాస్తు, అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్‌లోని పొడి అక్షరాలు అవి. నిజాయితీగా చితికిపోయినవాడిని జైలు నుంచి, వేధింపుల నుంచి కాపాడటానికి తెచ్చిన చట్టం అది. ఉన్న ఆస్తిని కోర్టు అమ్మి అప్పిచ్చినవాళ్లందరికీ వంతుల ప్రకారం పంచాలి. జనం నోట మాత్రం ఐపీ అంటే ఎగ్గొట్టడమే. ఆస్తి ముందే బంధువుల పేర రాసి, తర్వాత కోర్టు మెట్లెక్కినవాళ్లను ఊళ్లు చూశాయి మరి. ఐపీ పెట్టినవాడు తనకు అప్పిచ్చినవాళ్ల జాబితాను దరఖాస్తుకు జత చేయాలి, అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ నోటీసు వెళ్తుంది. అందుకే ఫలానా ఆసామి ఐపీ పెట్టాడన్న కబురు ఊళ్లోకి వస్తే రైతులు ముందుగా అడిగేది ఎంత సొమ్ముకు పెట్టాడని కాదు, లిస్టులో మన పేరుందా అని. పేరుంటే వాయిదాలకు తిరగాలి. లేకపోతే, కోర్టు కాగితాల్లో ఆ బాకీయే లేనట్టు.